ఫ్రాన్స్‌లో మొదటి ఏడాది: ఏ కాగితం ముందు, ఏది వెనక

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అని పెద్దవాళ్లు అంటుంటారే, ఆ మాట ఫ్రాన్స్‌లో దిగిన వారానికే నాకు బాగా అర్థమైంది. బ్యాంకు ఖాతా కావాలంటే ఇంటి చిరునామాకు రుజువు తెమ్మన్నారు. ఇల్లు అద్దెకు అడిగితే ఫ్రెంచి బ్యాంకు ఖాతా వివరాలు, మూడు నెలల జీతం స్లిప్పులు తెమ్మన్నారు. ఆ జీతం పడాలంటే మళ్లీ బ్యాంకు ఖాతా ఉండాలి. ఎవరి దగ్గరికి వెళ్లినా చిరునవ్వుతోనే మాట్లాడారు, ఎవరూ పని చేయలేదు.

నిజానికి ఇక్కడ ఏ పనీ మరీ కష్టం కాదు. కాకపోతే ప్రతిదానికీ ఒక వరస ఉంది. ఆ వరస తప్పితే నెలలు గడిచిపోతాయి. ఉద్యోగం మీద వచ్చేవాళ్లకూ, చదువుకు వచ్చేవాళ్లకూ, వాళ్ల వెంట వచ్చే భార్యకో భర్తకో కూడా ఉపయోగపడేలా ఆ వరసను ఇక్కడ రాస్తున్నాను. ఫీజులు, నియమాలు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి. అందుకని డబ్బు కట్టేముందు ‘సెర్విస్ పబ్లిక్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోండి.

1. విమానం ఎక్కకముందే: బర్త్ సర్టిఫికెట్, ఇంటిపేరు

సూట్‌కేసులో పచ్చళ్లు ఎన్ని కిలోలు పడతాయో తర్వాత లెక్కేసుకోవచ్చు. ముందు మీ బర్త్ సర్టిఫికెట్ బయటికి తీయండి.

మనకు ఇండియాలో పుట్టిన తేదీ అంటే టెన్త్ సర్టిఫికెట్టే. ఫ్రాన్స్‌లో అది చెల్లదు. ఆరోగ్య బీమా నంబరు రావాలన్నా, పిల్లల పేరు మీద ఏ సాయం రావాలన్నా, రేపు పౌరసత్వానికి అర్జీ పెట్టాలన్నా తల్లిదండ్రుల పేర్లున్న బర్త్ సర్టిఫికెట్టే అడుగుతారు. మనలో చాలామంది సర్టిఫికెట్‌లో అసలు పేరే ఉండదు. ఫలానా వారి మగబిడ్డ, ఫలానా తేదీ అని మాత్రమే ఉంటుంది. పల్లెల్లో పుట్టిన కొందరికి ఆ కాగితం కూడా ఉండదు. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు ఎక్కించుకోవడం, లేకపోతే ఆలస్య నమోదు చేయించుకోవడం ఊళ్లో ఉండగానే చేసుకోవాల్సిన పని. ప్యారిస్‌లో కూర్చుని నాన్నగారిని ఆఫీసుల చుట్టూ తిప్పడం కంటే ఇది ఎంతో నయం.

సర్టిఫికెట్ సరిగ్గా ఉందనుకున్నాక దానికి అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, వేయించండి. ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్. పెళ్లయినవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్‌కూ ఇదే చేయించాలి. ఫ్రెంచి అనువాదం మాత్రం అపోస్టిల్ పడ్డాకే చేయించాలి, ఎందుకంటే ఆ ముద్రలో ఉన్నది కూడా అనువాదంలోకి రావాలి. అనువాదకులు ఎవరైనా పనికిరారు. ఫ్రాన్స్ కోర్టుల జాబితాలో ఉన్న ప్రమాణ అనువాదకులు కావాలి, వాళ్లను ఇక్కడ ‘త్రద్యుక్తర్ అసెర్మాఁతే’ అంటారు. స్కాన్ పంపితే చేసిపెట్టేవాళ్లు ఉన్నారు.

ఇక పేరు సంగతి. ఈ ఒక్క విషయంలో ఫ్రెంచివాళ్లు మనకు చుట్టాలే. ఏ ఫారం చూసినా ముందు ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో, తర్వాత సొంత పేరు. మనం చిన్నప్పటి నుంచి బడి రిజిస్టర్లో చూసిన పద్ధతే. ‘నోఁ’ అంటే ఇంటిపేరు, ‘ప్రెనోఁ’ అంటే సొంత పేరు. చిక్కు మన పాస్‌పోర్టుల్లో ఉంది. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు కింది గడిలో ఉంటుంది. కొందరికి ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలిపోయి ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకలా, బర్త్ సర్టిఫికెట్‌లో ఇంకోలా, డిగ్రీలో మూడోలా ఉంటే ఇక్కడి గుమాస్తాకు మీరు ముగ్గురు మనుషులు. వీలుంటే బయల్దేరేముందే పాస్‌పోర్టులో సరిచేయించుకోండి. వీలు కాకపోతే పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ప్రతి ఫారంలోనూ రాయండి. అందంగా ఉంటుందని ఎక్కడా మార్చవద్దు.

పెళ్లయిన ఆడవాళ్లకు ఇంకో మాట. ఇక్కడి లెక్కలో స్త్రీకి పుట్టింటి పేరే జీవితాంతం అసలు పేరు. భర్త ఇంటిపేరు కావాలనుకుంటే ‘నోఁ ద్యుజాజ్’ అని వాడుక పేరుగా పక్కన చేరుతుంది, అంతే. పాస్‌పోర్టులో అత్తింటి పేరు, బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు ఉన్నవాళ్లకు ఈ రెంటినీ కలిపే మ్యారేజ్ సర్టిఫికెట్ తప్పనిసరి.

2. దిగిన మొదటి వారం

పాస్‌పోర్టులో అతికించిన వీసా కాగితాన్ని చదవండి. నిజంగా చదవండి, మనలో చాలామంది తేదీలు మాత్రమే చూస్తారు. దీర్ఘకాల వీసాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది తానే నివాస పత్రంగా పనిచేసే వీసా. దీన్ని దేశంలో అడుగుపెట్టిన 3 నెలల్లోపు ఆన్‌లైన్లో ధ్రువీకరించి, ఫీజు కట్టాలి. రెండోదాని మీద ‘కార్డుకు దరఖాస్తు చేయాలి’ అనే అర్థం వచ్చే మాట ఫ్రెంచిలో ఉంటుంది. ఇది ఉన్నవాళ్లు 2 నెలల్లోపు నివాస కార్డుకు దరఖాస్తు పెట్టాలి. ఆ కార్డునే ‘తిత్ర్ ద సెజూర్’ అంటారు, రేపటి నుంచి మీరు రోజూ వినబోయే మాట ఇది. మొదటి రకం వాళ్లు ధ్రువీకరణ చేయడం మరిచిపోతే చట్టం దృష్టిలో ఇక్కడ ఉండే హక్కే చిక్కులో పడుతుంది. ఇది పది నిమిషాల పని. చిరునామా స్థిరపడగానే చేసేయండి, డౌన్‌లోడైన ధ్రువపత్రాన్ని రెండుచోట్ల దాచండి.

చిరునామా దగ్గరే కదా అసలు చిక్కు. దాన్ని విప్పే తాళంచెవి ఒకటుంది. మీరు ఏ స్నేహితుడి ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో దిగితే, ‘ఈయన మా ఇంట్లో ఉంటున్నారు’ అని వాళ్లు ఒక ఉత్తరం రాసి సంతకం చేసి, తమ గుర్తింపు కార్డు నకలు, తమ పేరున ఉన్న కరెంటు బిల్లు జతచేసి ఇస్తే, ఆ మూడూ కలిపి మీ చిరునామా రుజువు అవుతుంది. దాన్ని ‘అతెస్తాస్యోఁ దెబెర్జ్‌మాఁ’ అంటారు. విద్యార్థుల హాస్టల్ అయితే వాళ్లిచ్చే పత్రం చాలు. కంపెనీ కొన్నాళ్లు వసతి ఇస్తే వాళ్ల దగ్గర కూడా ఇలాంటి కాగితం అడిగి తీసుకోండి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

ఈ కాగితంతో బ్యాంకుకు వెళ్లండి. మీకు కావాల్సింది కార్డు కంటే ముందు ‘రీబ్’. మీ పేరు, ఖాతా నంబరు ఉన్న అర పేజీ కాగితం అది. జీతానికి, అద్దెకు, ఫోనుకు, కరెంటుకు, ఆరోగ్య బీమా డబ్బు తిరిగి రావడానికి అన్నిటికీ అదే. ఒక బ్యాంకు కాదంటే ఇంకో బ్యాంకు. ఎవరూ ఖాతా ఇవ్వకపోతే, ఇవ్వనన్న బ్యాంకు దగ్గర తిరస్కరణ పత్రం రాయించుకుని దేశ కేంద్ర బ్యాంకు బాఁక్ ద ఫ్రాఁస్‌కు అర్జీ పెట్టవచ్చు. వాళ్లు ఒక బ్యాంకును నిర్ణయించి ఖాతా ఇప్పిస్తారు, ఇది ఇక్కడ నివసించే వారికి చట్టం ఇచ్చిన హక్కు. అంతవరకు ఆగలేనివాళ్లు సిగరెట్ల దుకాణంలో తెరిచే నికెల్ ఖాతాతో మొదలుపెడుతుంటారు. సిగరెట్ల కొట్లో బ్యాంకు ఖాతా ఏమిటని నేనూ నవ్వాను. తర్వాత అక్కడే బస్సు పాసు నింపుకోవడం, స్టాంపులు కొనుక్కోవడం కూడా అలవాటైంది.

ఇంకొక చిన్న పని. ఇంటి కింద తపాలా పెట్టె మీద మీ పేరు అతికించండి. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ ఫ్లాట్ నంబరు చూసి వేయడు, పేరు చూసి వేస్తాడు. చాలా భవనాల్లో ఫ్లాట్‌లకు నంబర్లే ఉండవు. పెట్టె మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. నా మొదటి బ్యాంకు కార్డు అలాగే వెనక్కి పోయింది. మూడు వారాలు నేను బ్యాంకును తిట్టుకున్నాను. తప్పు పెట్టె మీద అతికించని అంగుళం కాగితానిది.

3. ఇల్లు

ప్రకటనల్లో టి1, టి2, టి3 అని రాస్తారు. ఆ అంకెలో హాలు కూడా కలిసి ఉంటుంది, వంటగది, స్నానాలగది లెక్కలోకి రావు. అంటే మన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ఇక్కడ టి3. టి2 చూసి రెండు బెడ్‌రూములనుకుని అమ్మానాన్నలను పిలిపించినవాళ్లు ఉన్నారు. అంతస్తుల లెక్క మాత్రం మనదే, కింద ఉన్నది సున్నా.

ఫర్నిచర్‌తో ఇచ్చే ఇల్లు ‘మబ్లే’, ఖాళీ ఇల్లు ‘వీద్’. ఖాళీ అంటే మరీ ఖాళీ. వంటగదిలో సింకు ఒక్కటే ఉండొచ్చు, పొయ్యి, ఫ్రిజ్ ఉండకపోవచ్చు. కొన్నిసార్లు సీలింగుకు బల్బు హోల్డరు కూడా ఉండదు, తీగలు వేలాడుతుంటాయి. మొదటి ఏడాదికి మబ్లే మేలని నా అభిప్రాయం. అద్దె కాస్త ఎక్కువైనా ఖాళీ చేయడానికి ఒక నెల ముందు చెబితే చాలు. ఖాళీ ఇంటికి మామూలుగా 3 నెలలు ముందు చెప్పాలి, ప్యారిస్ లాంటి గిరాకీ ఉన్న ఊళ్లలో అది కూడా నెలే. అడ్వాన్సు ఖాళీ ఇంటికి ఒక నెల అద్దెకు, మబ్లేకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు ఇచ్చి వచ్చినవాళ్లకు ఇది పండగే.

ఇల్లు ఇచ్చేవాళ్లు చూసేది రెండే. అద్దెకు మూడు రెట్లు జీతం ఉందా, మీరు కట్టకపోతే పూచీ ఎవరు. ఇక్కడ మనకు పూచీ పడే చుట్టాలు ఎవరూ ఉండరు కాబట్టి ‘విజాల్’ అనే ఉచిత హామీ పథకానికి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టండి. 30 ఏళ్ల లోపు వాళ్లకు సులభంగా వస్తుంది. ఆ పైన వయసున్న ఉద్యోగులకు కొన్ని షరతులున్నాయి. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఈ హామీ చేతిలో ఉండాలి, తర్వాత తెచ్చినా లాభం లేదు. మీ కాగితాలన్నీ ‘దోస్యే ఫసీల్’ అనే ప్రభుత్వ సైటులో పెడితే వాళ్లు పరిశీలించి, ప్రతి పేజీ మీద అడ్డంగా ముద్ర వేసి, ఒకే లింకుగా ఇస్తారు. మీ పాస్‌పోర్టు నకలు దొంగల చేతిలో పడకుండా కూడా అది కాపాడుతుంది. ఇల్లు చూడకుండా, తాళాలు చేతికి రాకుండా డబ్బు పంపమన్నవాడు ఎవరైనా సరే మోసగాడే. ఓనరు విదేశాల్లో ఉన్నాడు, తాళాలు కొరియర్లో పంపుతాడు అనే కథ ప్రతి ఆగస్టులోనూ కొత్త విద్యార్థుల దగ్గరికి వస్తుంది.

తాళాలు తీసుకునే రోజు ‘ఎతా దె ల్యూ’ అని గది గదీ తిరిగి ఇంటి పరిస్థితి రాస్తారు. మొహమాటపడకండి. గోడ మీద మేకు రంధ్రం, టైలుకు పగులు, కిటికీ చెక్కకు గీత, అన్నీ రాయించండి, ఫొటోలు తీయండి. కుళాయిలు తిప్పి చూడండి. మర్చిపోయినవి ఉంటే 10 రోజుల్లోపు రాసి పంపే హక్కుంది. హీటర్ల సంగతి వేసవిలో తెలియదు కాబట్టి, చలికాలంలో అవి వేసే మొదటి నెలలో కూడా చేర్పించవచ్చు. రెండేళ్ల తర్వాత మీ అడ్వాన్సు తిరిగి వచ్చేది ఈ కాగితాన్ని బట్టే. ఇంటి బీమా కూడా అద్దెకుండేవాళ్లకు చట్ట ప్రకారం తప్పనిసరి. ఆ పత్రం చూపందే తాళాలు ఇవ్వరు.

ఇల్లు కుదిరిన వెంటనే కాఫ్ అనే సంస్థ వెబ్‌సైటులో అద్దె సాయానికి అర్హత ఉందో లేదో లెక్క వేసి చూడండి. వెనకటి నెలల డబ్బు ఇవ్వరు, అందుకే ఆలస్యం చేస్తే ఆలస్యం చేసినంత నష్టం. విద్యార్థులకు సంబంధించిన నియమాలు మారుతున్నాయి కాబట్టి ఆ డబ్బు వస్తుందని నమ్ముకుని మాత్రం ఇల్లు తీసుకోవద్దు.

వీధిలో పడేసిన సోఫాలు, బల్లలు కనబడతాయి, బాగుంటాయి కూడా. చెక్క బల్లయితే తెచ్చుకోండి. పరుపు, సోఫా మాత్రం ముట్టుకోవద్దు. నల్లులు. ప్యారిస్‌లో 2023లో నల్లుల గొడవ ప్రపంచమంతా వార్త అయింది. ఒకసారి ఇంట్లోకి వస్తే వాటిని వదిలించుకోవడానికి అయ్యే ఖర్చుతో కొత్త సోఫానే కొనొచ్చు.

4. వంటగది

కరెంటు ఇక్కడా 230 వోల్టులే, మన మిక్సీ చక్కగా తిరుగుతుంది. ప్లగ్గు మాత్రం పట్టదు, మంచి అడాప్టరు తెచ్చుకోండి. కుక్కరు తెచ్చేముందు ఆలోచించండి. ఇక్కడ చాలా ఇళ్లలో ఇండక్షన్ పొయ్యి ఉంటుంది, దాని మీద మామూలు అల్యూమినియం కుక్కరు వేడెక్కదు. అడుగు స్టీలుదై ఉండాలి. అయస్కాంతం అతుక్కుంటే చాలు, పనిచేస్తుంది.

పాల సీసా మూతల రంగు నేర్చుకోండి. ఎరుపు అంటే వెన్న తీయని పాలు, నీలం సగం తీసినవి, ఆకుపచ్చ పూర్తిగా తీసినవి. మనకు ఇండియాలో రంగుల లెక్క వేరు కాబట్టి నేను నెల రోజులు నీలం పాలతో పెరుగు తోడేసి, చలి వల్ల తోడుకోవడం లేదనుకున్నాను. ఎరుపు మూత పాలు, గోరువెచ్చగా కాచి, తోడేసిన గిన్నెను లైటు వేసిన ఓవెన్లో పెడితే జనవరిలో కూడా గడ్డ పెరుగు వస్తుంది. మజ్జిగ కావాలంటే బ్రెతాన్యు ప్రాంతపు ‘లే రిబో’ సూపర్‌మార్కెట్లోనే దొరుకుతుంది, కాస్త ఉప్పు, అల్లం వేసుకుంటే సరి.

ఏ ఊళ్లో ఉన్నా ఎర్రపప్పు మామూలు దుకాణంలోనే ‘లాఁతీయ్ కొరాయ్’ పేరుతో ఉంటుంది. కందిపప్పు, మినపగుళ్లు, సోనామసూరి, కరివేపాకు, మునక్కాడల కోసం ప్యారిస్ దగ్గరివాళ్లు గార్ ద్యు నోర్ స్టేషను వెనక లా షపెల్ ప్రాంతానికి వెళ్తారు. అక్కడ వరసగా శ్రీలంక తమిళుల దుకాణాలు. దగ్గరలోనే ర్యు పజోల్‌లో మాణిక్క వినాయకర్ గుడి ఉంది. ఏటా వేసవి చివర్లో రథం ఊరేగించి, వీధిలో గుట్టలుగా కొబ్బరికాయలు కొడతారు.

గోంగూర సంగతి చెప్పకపోతే ఎలా. ఫ్రెంచివాళ్ల మార్కెట్లో ‘ఒజెయ్’ అని ఒక పుల్లని ఆకు దొరుకుతుంది. గోంగూర కాదు, చుక్కకూరకు చుట్టం, పప్పులోకి బాగుంటుంది. అసలు గోంగూర కావాలంటే ఆఫ్రికా వాళ్ల దుకాణాలకు వెళ్లండి. వాళ్లు ఎర్రగా తాగే బిసాప్ షర్బత్ మన గోంగూర మొక్క కాయల తొడిమెలతో చేసేదే. పశ్చిమాఫ్రికాలో ఆ ఆకునూ వండుకుంటారు. ప్యారిస్‌లో షాతో రూజ్ వైపు అడిగి చూడండి, పేరు చెప్పడం కంటే ఫోన్లో ఫొటో చూపించడం తేలిక. బెండకాయను కూడా అక్కడే ‘గోఁబో’ పేరుతో అమ్ముతారు.

శాకాహారులు హోటల్లో ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే చాలదు. మాంసం వద్దంటే చేప పెట్టేవాళ్లు ఉన్నారు, సలాడ్‌లో సన్నగా తరిగిన పందిమాంసం ముక్కలు చల్లేవాళ్లూ ఉన్నారు. ‘ని వియాఁద్, ని ప్వాసోఁ’ అంటే మాంసమూ వద్దు, చేపా వద్దు. గుడ్డు కూడా తిననివాళ్లు ‘ని అఫ్’ కలపండి.

ఇంకో జాగ్రత్త. ప్రతి ఇంట్లోనూ పొగ పసిగట్టే అలారం ఉంటుంది, 2015 నుంచి అది తప్పనిసరి. ఎండుమిర్చి పోపు వేసే ముందు వంటగది తలుపు మూసి, కిటికీ తెరవండి. లేకపోతే రాత్రి తొమ్మిదింటికి పైఅంతస్తు పెద్దావిడ నైటుగౌనులో మీ తలుపు కొడుతుంది.

5. ఆరోగ్యం

విద్యార్థులు కాలేజీలో చేరగానే విదేశీ విద్యార్థుల కోసం పెట్టిన ప్రత్యేక ఆరోగ్య బీమా సైటులో పేరు నమోదు చేసుకోవాలి. ఉద్యోగులు పని మొదలుపెట్టగానే తమ జిల్లా బీమా కార్యాలయానికి దరఖాస్తు పంపాలి. ఉద్యోగం లేని భార్య లేదా భర్త ఎవరికి వాళ్లే విడిగా దరఖాస్తు చేసుకోవాలి. మామూలుగా 3 నెలలు ఇక్కడ ఉన్నాకే వాళ్లకు హక్కు మొదలవుతుంది. ఆ మూడు నెలలకూ ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునే రండి.

మొదట తాత్కాలిక నంబరు, బర్త్ సర్టిఫికెట్ చూశాక అసలు నంబరు ఇస్తారు. ఆ నంబరును విప్పి చూస్తే సరదాగా ఉంటుంది. మగవారికి 1, ఆడవారికి 2, తర్వాత పుట్టిన సంవత్సరం, నెల, ఆ తర్వాత విదేశంలో పుట్టినందుకు 99, ఇండియాకు 223. 1988 మార్చిలో గుంటూరులో పుట్టిన అమ్మాయి నంబరు 2 88 03 99 223 అని మొదలవుతుంది. అది వచ్చాక ‘కార్త్ వితాల్’ అనే ఆకుపచ్చ కార్డుకు ఫొటో పంపాలి.

కార్డు రాగానే ఒక డాక్టరును మీ కుటుంబ డాక్టరుగా నమోదు చేసుకోండి, ‘మెద్సెఁ త్రెతాఁ’ అంటారు. 2024 డిసెంబరు నుంచి ఆ డాక్టరు ఫీజు 30 యూరోలు. ఇందులో 70 శాతం, అంటే 21 యూరోలు లెక్కగట్టి, 2 యూరోలు మినహాయించి 19 తిరిగి ఖాతాలో వేస్తారు. ఇలా నమోదు లేకుండా నేరుగా వెళితే 30 శాతమే లెక్క. నమోదు ఉన్నవాళ్లకు, ఆ 2 యూరోలు తప్ప, మిగతాది ‘మ్యుతుయెల్’ అనే అదనపు బీమా చూసుకుంటుంది. ప్రైవేటు ఉద్యోగులకు అందులో కనీసం సగం యజమానే కట్టాలి. డాక్టరు అపాయింట్‌మెంటు డాక్టోలిబ్ యాప్‌లో దొరుకుతుంది, అందులో ఇంగ్లీషు మాట్లాడే డాక్టర్లను వేరుగా చూపిస్తుంది. కళ్లకు, చర్మానికి స్పెషలిస్టు దొరకాలంటే నెలలు పట్టొచ్చు, కళ్లద్దాలు రెండు జతలు ఇంటి నుంచే తెచ్చుకోండి.

ప్రాణం మీదకు వస్తే 15. మంటలు, ప్రమాదాలకు 18. పోలీసులకు 17. ఏదీ గుర్తులేకపోతే 112.

6. మాట

గోదావరి జిల్లాల వాళ్లకు ఫ్రెంచి మరీ కొత్త కాదు, 1954 దాకా యానాం ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది. తెలుగు వచ్చినవాళ్లకు ఒక సులువు కూడా ఉంది. ‘తు’, ‘వూ’ తేడా ఇంగ్లీషువాళ్లకు పాఠం చెప్పాలి, మనకు అక్కర్లేదు. నువ్వు, మీరు అంతే. అనుమానం వస్తే మీరు.

కానీ ‘బోఁజూర్’ లేకుండా నోరు తెరవవద్దు. దుకాణంలో, బస్సు ఎక్కేటప్పుడు, లిఫ్టులో, డాక్టరు దగ్గర వేచివుండే గదిలో కూడా. నేరుగా ‘ఎక్స్‌క్యూజ్ మీ, ఇది ఎంత’ అని మొదలుపెడితే ఆ మనిషి ముఖం ముడుచుకుపోతుంది, తర్వాత మీరెంత మర్యాదగా మాట్లాడినా అంతే. ముందు బోఁజూర్, ఒక్క క్షణం ఆగడం, అవతలివాళ్లు తిరిగి చెప్పడం, అప్పుడు పని. వచ్చినా రాకపోయినా రెండు ఫ్రెంచి ముక్కలు మాట్లాడితే, వాళ్లే ఇంగ్లీషులోకి వస్తారు.

అంకెలు విడిగా సాధన చేయండి, ఎందుకంటే ఫోన్ నంబరును ఇక్కడ జంటలుగా చెబుతారు. 78ని ‘అరవై పద్దెనిమిది’ అంటారు. 94ని ‘నాలుగిరవైల పద్నాలుగు’ అంటారు. ‘అరవై’ వినగానే మీరు 6 రాస్తారు, ఈలోగా ‘పద్దెనిమిది’ వస్తుంది, దాన్ని కొట్టేసేసరికి తర్వాతి జంట పోతుంది. చేత్తో రాసిన 1 మనకు 7లా కనిపిస్తుంది, వాళ్లు 7కు మధ్యలో అడ్డగీత పెడతారు. మీరూ పెట్టండి.

క్లాసులకు మీ మేరీలో, అంటే మున్సిపల్ ఆఫీసులో అడగండి, చౌకగానో ఉచితంగానో ఉంటాయి. 2026 జనవరి నుంచి చాలా రకాల కార్డులకు భాష స్థాయి చూపాల్సి వస్తోంది. బహుళ సంవత్సరాల కార్డుకు ఎ2, పదేళ్ల కార్డుకు బి1, పౌరసత్వానికి బి2. నైపుణ్యమున్న ఉద్యోగులకిచ్చే టాలెంట్ కార్డు మీద వచ్చినవాళ్లకు మొదట ఈ బాధ లేదు, అందుకే వాళ్లే అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి తర్వాత ఇబ్బంది పడతారు.

7. జీతం, ప్రయాణం, పిల్లలు

ఆఫర్ లెటర్‌లో రాసేది ‘బ్ర్యూత్’ జీతం. చేతికొచ్చే ‘నెత్’ అందులో దాదాపు ముప్పాతిక వంతు, అందులోంచి ఆదాయపు పన్ను మళ్లీ పోతుంది. జీతం స్లిప్పులు ఎన్నడూ పారేయవద్దు, పింఛను లెక్క వాటితోనే. జబ్బుచేసి సెలవు పెడితే డాక్టరు కాగితం 48 గంటల్లో వెళ్లాలి. నెలవారీ రైలు, బస్సు పాసులో సగం ఖర్చు యజమాని ఇవ్వాలి. ప్యారిస్ ప్రాంతంలో వారం పాసు అంటే సోమవారం నుంచి ఆదివారం దాకానే, కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు. గురువారం దిగి వారం పాసు కొంటే మూడు రోజులు పోయినట్టే.

ఇండియా లైసెన్సు ఇక్కడ మామూలుగా ఒక ఏడాది చెల్లుతుంది, చదువుకునేవాళ్లకు చదువు అయ్యేదాకా. కుడివైపు నడపడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. అలవాటు కానిది ‘ప్రియోరితే ఆ ద్ర్వాత్’. ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండికే దారి, మీరు పెద్ద రోడ్డు మీద ఉన్నా సరే.

పిల్లలకు 3 ఏళ్ల నుంచి చదువు తప్పనిసరి, ప్రభుత్వ బడి ఉచితం, పేరు మేరీలో రాయించాలి. టీకాల కార్డు చూస్తారు. ఫ్రెంచి రాదని దిగులుపడకండి, ఆరు నెలలకు వాళ్లే మీ ఉచ్చారణ దిద్దుతారు.

8. ఏడాది తిరిగేసరికి

వసంతంలో పన్ను లెక్క చూపాలి. జీతంలో పన్ను కట్ అవుతోంది కదా అని ఊరుకోకూడదు. ఆదాయం లేని విద్యార్థులు కూడా చూపడం మంచిది, దాని తర్వాత వచ్చే పన్ను పత్రాన్ని ఇల్లు అడిగినా, బడి భోజనం అడిగినా కోరతారు. మనవాళ్లు తరచూ మరిచిపోయేది ఒకటుంది. ఇండియాలో ఉన్న బ్యాంకు ఖాతాలన్నీ 3916 అనే ఫారంలో చూపాలి. వాటిలో వందరూపాయలే ఉన్నా సరే. చూపకపోతే ఒక్కో ఖాతాకు, ఒక్కో ఏడాదికి 1,500 యూరోల జరిమానా. అమ్మతో కలిపి తెరిచిన పాత జాయింట్ ఖాతాతో సహా జాబితా రాసుకోండి. ఆ ఖాతాలను ఇండియా నియమాల ప్రకారం ఎన్‌ఆర్‌ఓ ఖాతాలుగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాలుగా, మార్చుకునే పని కూడా అప్పుడే పెట్టుకోండి.

నివాస పత్రం గడువుకు 4 నెలల ముందు నుంచి 2 నెలల ముందు లోపు పునరుద్ధరణ దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాలి. దాఖలు చేసిన వెంటనే వచ్చే రసీదును దాచండి. దరఖాస్తు పెండింగులో ఉండగా సంక్రాంతికి టికెట్ కొనేముందు, మీ చేతిలో ఉన్న కాగితంతో తిరిగి దేశంలోకి రానిస్తారో లేదో కచ్చితంగా తెలుసుకోండి. రానివ్వని రకం కాగితాలూ ఉన్నాయి.

కార్డు సిద్ధమైందని మెసేజ్ వస్తుంది, ప్రిఫెక్చర్ అనే జిల్లా ప్రభుత్వ కార్యాలయానికి వెళతారు, గంట నిలబడతారు. కార్డు చేతికిచ్చి సంతకం పెట్టమంటారు. సంతోషంలో పెట్టేయకండి. కౌంటరు ముందు నిలబడే పాస్‌పోర్టు తెరిచి ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఒక్కో అక్షరమూ పోల్చి చూడండి. వెనక వరుసలో వాళ్లు దగ్గినా సరే. తేడా ఉంటే అక్కడే, అప్పుడే చెప్పండి. ఇంటికి వచ్చాక గమనిస్తే ఆన్‌లైన్లో మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు.